క్రేమర్ గారి చెవులు

పోయిన నెల మా అమ్మాయి నన్ను ఇక్కడ కెనడాలో, కనాటా అనే ఊళ్ళో ఒక చెవుల క్లినిక్కుకి తీసుకెళ్ళింది. తీసుకెళ్ళిందంటే బతిమాలి కాదు, దాదాపు అరెస్టు చేసి. నేను టీవీ చూస్తుంటే పక్కింటివాళ్ళు కూడా వాళ్ళింట్లో కూర్చుని అవే వార్తలు వింటున్నారని దాని ఫిర్యాదు. క్లినిక్కులో పరీక్ష చేసిన పిల్లది ఖమ్మం. కాలేజీలో ఆ కోర్సే చదువుతూ అక్కడ ట్రైనింగులో ఉందట. కాగితం మీద యేసురత్నం అన్న పేరు చూడగానే తెలుగులోకి దిగిపోయింది. "బీప్ వినపడితే బటన్ నొక్కండి అంకుల్. నా వైపు మాత్రం చూడొద్దు, గోడ వైపు తిరిగి కూర్చోండి" అంది. "ఎందుకమ్మా, నా మొహం అంత బాగాలేదా?" అన్నాను. నవ్వింది. "అయ్యో, అట్ల కాదు అంకుల్. కొందరు నా చెయ్యి కదలడం చూసి నొక్కేస్తరు. చీటింగ్ అన్నమాట. అందుకే ఇప్పుడు అన్ని క్లినిక్కుల్లో కుర్చీ అటు తిప్పేసిన్రు."

దానికి నా దగ్గర నుంచి ఇంకో జోకు రావాలి. రాలేదు. గోడకు అతికించిన బూడిదరంగు స్పాంజిని చూస్తూ బటన్ పట్టుకుని కూర్చున్నాను. ఎన్ని బీపులు వచ్చాయో, ఎన్ని వదిలేశానో నాకు తెలియదు. ఆ చీటింగ్‌ని మొదట కనిపెట్టిన మహానుభావుడెవరో కూడా తెలియదు. డెబ్భై దాటిన ఒక జర్మన్ పెద్దమనిషికి దాన్ని నేర్పి, నొక్కించి, పాస్ చేయించినవాణ్ణి మాత్రం నేనే. ఆ పెద్దమనిషి అంతకుముందు జీవితంలో అబద్ధం ఆడి ఉండడని నా నమ్మకం. ఆడి ఉంటే నా సాయం అక్కర్లేకపోయేది.

కెనడా వచ్చిన కొత్తలో ఏజాక్స్ అనే ఊళ్ళో మేం మొదట ఉన్న వీధి చివర ఒక పాత చర్చి ఉండేది. క్రేమర్ గారు అందులో ఆర్గన్ వాయించేవారు. ఆర్గన్ అంటే మన హార్మోనియానికి ముత్తాత అనుకోండి. గదంత పెట్టె, లోపల వందల గొట్టాలు, చేతులకు రెండు వరసల మెట్లు, కాళ్ళకు ఇంకో వరస. నేను అదే చర్చిలో కస్టోడియన్ని. ఇంగ్లీషులో ఆ మాట ఏదో కోటకి కాపలాదారన్నట్టు వినిపిస్తుంది. నా కోటలో ఒక మాప్, రెండు బకెట్లు, మంచు తీసే పార ఉండేవి. మా అమ్మ గుంటూరు జిల్లాలో మిషనాసుపత్రి నర్సు. నాన్న పోయాక పెద్దమ్మ స్పాన్సర్ చేస్తే నన్ను వెంటేసుకుని వచ్చింది. ఇక్కడ ఆమె నర్సు కాగితాలు చెల్లలేదు, వృద్ధుల హోమ్‌లో ఒళ్ళు తుడిచే పని దొరికింది. నా కాగితాలు చెల్లకపోవడమనే సమస్యే రాలేదు. పదో తరగతి దగ్గర చదువూ నేనూ స్నేహంగానే విడిపోయాం.

మేముండేది ఒక ఇంటి బేస్‌మెంట్‌లో. పొద్దున్నే డ్యూటీ నుంచి వచ్చిన అమ్మ చేతులకు హోమ్ సబ్బు వాసన, క్రీము వాసన, దాని కింద ముసలివాళ్ళ దుప్పట్ల వాసన. ఆ చేతులతోనే తాలింపు వేసేది. ఆవాలు చిటపటలాడేసరికి పైన ఇంటి ఓనరు వాళ్ళ పొగ అలారం మోగేది. నేను స్టూలెక్కి తువ్వాలుతో విసిరేవాణ్ణి. మా రోజు అలా మొదలయ్యేది, గంటతో. తర్వాత నేను టిఫిను డబ్బా పట్టుకుని చర్చికి నడిచేవాణ్ణి. చర్చి వాసన వేరు. కొవ్వొత్తులు, పాత కాఫీ, తడిసి ఆరని ఉన్ని కోట్లు. వెనక వైపు రెండు గదుల్లో క్రేమర్ గారు ఉండేవారు. ఆర్గన్ ఉద్యోగంతో పాటు ఆ గదులు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళే గదులు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "పెళ్ళయినవాళ్ళకి ఆదివారాలు ఉండవు" అనేవారు. ఆయన గదిలో నల్లరొట్టె వాసన, ఊరబెట్టిన చేప వాసన, పుదీనా బిళ్ళల వాసన. ఆర్గన్ వాయించడానికి విడిగా ఒక జత పల్చటి చెప్పులు, వాటికి గుడ్డసంచీ. ఆ చెప్పులతో నేల మీద నడవరు. ఆర్గన్ ఉండే బాల్కనీ మెట్లన్నీ మేజోళ్ళతో ఎక్కి, బెంచీ మీద కూర్చున్నాకే తొడుక్కుంటారు. శుక్రవారం శుక్రవారం సారా లాంటిదేదో గుడ్డకి తడిపి ఆర్గన్ మెట్లన్నీ తుడిచేవారు. ఒకసారి అమ్మ గోంగూర పచ్చడి పంపింది. రొట్టె మీద వెన్నలా దట్టంగా రాసుకుని కొరికారు. కళ్ళ వెంట నీళ్ళు. "మీ అమ్మగారు నా మీద కోపంగా ఉన్నారా?" అని అడిగారు. అడుగుతూనే ఇంకో ముక్కకి రాసుకున్నారు.

ఆయనకీ నాకూ స్నేహం కుదిరింది ఒక తప్పు వల్ల. ఒక శనివారం బల్లల మధ్య మాప్ వేస్తూ మా తాతయ్య నేర్పిన పాటొకటి గొంతెత్తి పాడుకుంటున్నాను. మా తాతయ్య మా ఊళ్ళో ఉపదేశి. పాస్టరు గారు రాని వారాల్లో ప్రార్థన నడిపించడం, పిల్లలకు పాటలు నేర్పడం ఆయన పని. మా పాటల్లో చాలావాటికి మాటలు తెలుగువి, రాగాలు పాత దొరలు జర్మనీ నుంచి తెచ్చినవి. అది నాకప్పుడు తెలియదు. అవి మా ఊరి రాగాలే అనుకునేవాణ్ణి. పైన ఆర్గన్ ఠక్కున ఆగిపోయింది.

"మళ్ళీ పాడు" అని బాల్కనీ లోంచి గొంతు.

పాడాను.

"మూడో వరసలో ఒక స్వరం మింగేశావు."

"మింగలేదు మిస్టర్ క్రేమర్. మేం అక్కడ ఊపిరి తీసుకుంటాం."

"మా వాళ్ళు కొన్ని వందల ఏళ్ళుగా అక్కడ ఊపిరి తీసుకోకుండానే బతుకుతున్నారు" అన్నారాయన.

ఆ రోజు ఇంటికెళ్ళి అమ్మని అడిగాను. అన్నం వడ్డిస్తున్నదల్లా గరిటె పక్కన పెట్టి నవ్వింది. "ఒరే పిచ్చోడా, అది ఊపిరి కాదురా. మన గుడి హార్మోనియంలో ఆ మెట్టు పలికేది కాదు. ఎలకలు కొరికేశాయి. బాగుచేసేవాడెవడున్నాడు మనూళ్ళో? మీ తాత అక్కడికొచ్చేసరికి చెయ్యెత్తేసేవాడు, మేం నోరు మూసేసేవాళ్ళం. తర్వాత పుట్టిన మీరంతా పాటే అంత అనుకున్నారు." చిన్నప్పటి నుంచీ ఆ చోట కళ్ళు మూసుకుని, దేవుడి సన్నిధి అనుకుని భక్తిగా పీల్చిన ఊపిరి ఎలకల పుణ్యమన్నమాట.

మర్నాడు దాన్ని నాటకం కట్టి క్రేమర్ గారికి చెప్పాను. తాతయ్య చెయ్యెత్తడం, జనం టపీమని నోళ్ళు మూయడం, ఎలకలు పక్కన కూర్చుని వినడం, అన్నీ. ఎదుటివాళ్ళని అనుకరించడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఆయన నవ్వలేదు. బాల్కనీ మెట్ల మీద కూర్చుండిపోయారు. తన కథ అప్పుడే మొదటిసారి చెప్పారు. వాళ్ళ నాన్న కూడా చర్చి సంగీతకారుడే. కాంటర్ అంటారట, చిన్న ఊరిలో ఆర్గన్ వాయించి, పిల్లలకు పాటలు నేర్పి, పెళ్ళికీ చావుకీ ముందుండే మనిషి. "మా తాతయ్య లాగే" అన్నాను. "అవును, ఎలకలు తక్కువ" అన్నారు. మొదటి యుద్ధంలో సర్కారువాళ్ళు వచ్చి ఆర్గన్ ముందు వరస గొట్టాలు ఊడదీసుకుపోయారట, కరిగించి యుద్ధానికి వాడుకోవడానికి. ఆ ఊరికి వాటిని తిరిగి పెట్టించుకునే స్తోమత రాలేదు. ఈయన వాయించడం నేర్చుకునేనాటికి కూడా ఆ వరసలో మెట్లు నొక్కితే గాలి వచ్చేది, అంతే.

"మా నాన్న మాత్రం ఆ మెట్లు కూడా నొక్కమనేవాడు. తప్పు వేలు పెడితే చేతి మీద కొట్టేవాడు. పలకనిదానికి తప్పేముంది నాన్నా అంటే, 'నాకు వినపడుతుంది' అనేవాడు." కాసేపు తన వేళ్ళు చూసుకున్నారు. "మీ తాత చెయ్యెత్తేశాడు. మా నాన్న ఎత్తనివ్వలేదు. ఇద్దరిలో ఎవరు మంచివాడో నాకు ఈ వయసులో తెలియడం లేదు, హెర్ రత్నం."

హెర్ అంటే గారు. ఈ దేశంలో నన్ను మొదట గారూ అన్నది ఆయనే.

రెండో యుద్ధం అయ్యాక, గోడలు కూలిన ఊళ్ళో కూర్చుని ఆయన కాంటర్ పరీక్ష పాసయ్యారు. పరీక్ష ఉంది గానీ వాయించడానికి చర్చిలు లేవు. ఓడెక్కి కెనడా వచ్చారు. ఇక్కడ ఆ సర్టిఫికెట్ చూసి, కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా అని అడిగారట. ఈ మాట చెప్తే ఇప్పటి మన స్టూడెంట్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు, ఆ ప్రశ్న తమ కోసమే పుట్టిందని వాళ్ళ నమ్మకం. వారంలో ఐదు రోజులు ఒక రేకుల ఫ్యాక్టరీలో సమ్మెట యంత్రాల మధ్య పని. శని, ఆదివారాలు ఆర్గన్. ముప్ఫై ఏళ్ళు అలా గడిచాయి. "ఆదివారం సంగీతం కోసం మిగతా రోజులు చెవులు అద్దెకిచ్చాను. తిరిగిచ్చేటప్పుడు అంత మంచిగా ఇవ్వలేదు వాళ్ళు" అన్నారొకసారి. జోకనుకుని నవ్వాను.

శనివారాలు ఆయన ప్రాక్టీసు చేస్తుంటే నేను ముందు వైపు నిలబడాలి. ఆర్గన్ దగ్గర కూర్చున్నవాడికి చర్చి అవతలి కొసన ఎలా వినిపిస్తుందో తెలియదు. అందుకని ఏ వాయిద్యగాడైనా ఒక మనిషిని నిలబెట్టి అడుగుతాడు. మా ఇద్దరికీ మాప్ భాష ఉండేది. మాప్ పైకెత్తితే ఎక్కువైంది, కిందకి దించితే తక్కువైంది, అడ్డంగా పట్టుకుంటే బాగుంది. ఒక్కోసారి మాప్‌తో డాన్సు కూడా చేసేవాణ్ణి, ఆయన అద్దంలో చూసి తల ఊపేవారు. బలిపీఠం కనపడ్డానికి ఆర్గన్ పైన చిన్న అద్దం ఉంటుంది లెండి. మొదటి ఏడాది అంతా "ఎక్కువైందా?" అని అరిచి అడిగేవారు. రెండో ఏడాది చలికాలంలో ఒకరోజు సన్నటి గొట్టాల వరసేదో తీసి, రెండు చేతులా వాయిస్తూ, "మోగుతోందా?" అని అడిగారు.

పిచ్చికల గుంపు మీద పడ్డట్టు మోగుతోంది. నేను మాప్ అడ్డంగా పట్టుకుని అలాగే నిలబడ్డాను.

ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోలేదు. మాట్లాడుకోకుండానే నేను ఆయన చెవులైపోయాను, అంటే రెండు చెవులూ నేనే. ఆదివారం పని లేకపోయినా బాల్కనీకి ఎక్కి ఆయన పక్కన బెంచీ చివర కూర్చునేవాణ్ణి. పాస్టరు ప్రార్థన ముగించగానే మోకాలి మీద ఒకసారి తట్టాలి. ఆర్గన్‌కి ఇంకో జబ్బుంది. చలికాలం హీటర్ల పొడిగాలికి లోపల చెక్కలు బిగుసుకుపోయి, మెట్టు వదిలేసినా గొట్టం పలుకుతూనే ఉంటుంది. ఆపేదాకా ఏడుస్తుంది. అలా అయితే రెండుసార్లు తట్టాలి, ఏ వైపో వేలుతో చూపించాలి. ఆయన ఆ వరస మూసేస్తారు. అలా ఒక ఏడాది లాగాం.

చర్చి కమిటీకి పెద్ద మార్గరెట్ గారు. తెల్లజుట్టు, పొడుగు మనిషి, ఎవరింట్లో జబ్బు చేసినా కేకు పట్టుకెళ్ళే మనిషి. నాకు జ్వరమొచ్చిన వారం లోనే ఆమెకి అనుమానం వచ్చింది. నేను లేని ఆ ఆదివారం క్రేమర్ గారు ప్రసంగం మధ్యలో పాట ఎత్తుకున్నారట. కమిటీ కూర్చుంది. చెవుల పరీక్ష చేయించుకుని కాగితం తెమ్మంది. కాగితం బాగుంటే ఉద్యోగం, లేకపోతే రిటైర్మెంటు. రిటైర్మెంటంటే ఆ రెండు గదులు కూడా ఖాళీ చేయడం. ఆయనకి ఈ దేశంలో ఇంకో చిరునామా లేదు.

పరీక్షకి నేనే డ్రైవ్ చేసుకుంటూ తీసుకెళ్ళాను. దారిలో చెప్పాను, "అద్దం అవతల ఒకామె కూర్చుంటుంది. ఆమె మొహం చూడొద్దు, భుజం చూడండి. భుజం కదిలినప్పుడు నొక్కండి. ప్రతిసారీ నొక్కొద్దు, నాలుగింటికి ఒకటి వదిలేయండి. అన్నీ రైటయితే మాస్టారికి అనుమానం వస్తుంది." పదో తరగతి మూడుసార్లు రాసినవాడి అనుభవమిది. కాపీ కొట్టడంలో ఎలా దొరికిపోతారో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

"అది అబద్ధం" అన్నారు.

"అబద్ధం కాదండీ. గాలొచ్చే మెట్టు నొక్కడం. మీ నాన్నగారు నేర్పిందే."

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడ తగిలేలా అన్నానని అప్పుడే తెలుసు నాకు. ఆయన కిటికీ వైపు తిరిగారు. పరీక్ష పాసయ్యారు. వయసుకి తగ్గ వినికిడి అని రాసిచ్చారు. తిరిగి వస్తుంటే నేను ఎగిరి గంతేస్తున్నాను, స్టీరింగు మీద దరువేస్తున్నాను. ఆయన కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని, చర్చి దగ్గర దిగేటప్పుడు మాత్రం ఒక మాటన్నారు. "ఇక నువ్వు లేకుండా నేను వాయించకూడదు. ఒక్క పూట కూడా." "ఎక్కడికి పోతానండీ" అన్నాను.

ఆ చలికాలంలోనే మార్గరెట్ గారి భర్త చనిపోయారు.

అప్పటికి ఆ చర్చిలో ఆదివారం మధ్యాహ్నాలు మన తెలుగువాళ్ళ ఆరాధన కూడా మొదలైంది. హాలు ఇప్పించింది మార్గరెట్ గారే. ఆ కృతజ్ఞతతో అంత్యక్రియల రోజు మన ఆడవాళ్ళు బేస్‌మెంట్ వంటగదిలో సమోసాలూ టీ చేస్తామన్నారు. పైన చర్చి కిక్కిరిసిపోయింది. మొదటి పాట అయింది, రెండోది అయింది. నేను క్రేమర్ గారి పక్కనే ఉన్నాను, అంతా బాగానే ఉంది. పాస్టరు ప్రసంగం మొదలుపెట్టారు. కింద కుర్చీలు తక్కువపడతాయేమోనని గుర్తొచ్చింది. ప్రసంగం పావుగంటైనా ఉంటుంది కదా, ఇలా వెళ్ళి అలా వస్తాననుకుని, ఆయనకి ఐదు వేళ్ళు చూపించి దిగాను. ఆయన తల ఊపారు.

కుర్చీలు వేయడం రెండు నిమిషాల పని. వేశాను. వంటగదిలో సువార్త ఆంటీ సమోసాలు తీస్తోంది. మన సంఘంలో పెద్దావిడ, నన్ను చూస్తే చాలు నవ్వడానికి రెడీ అయ్యే మనిషి.

"ఏరా రత్నం, మీ మాస్టారు ఇందాక పాస్టరమ్మ గుడ్ మార్నింగంటే సిక్స్టీ ఫోర్ అన్నాడంట కదా?"

"అరవై నాలుగో పాట అనుకున్నాడాంటీ."

"ఏదీ, ఎలా అన్నాడో చెయ్యరా ఒకసారి!"

చేశాను. మెడ ముందుకి పెట్టి, చెవి వెనక అరచెయ్యి పెట్టి, కనుబొమలు ఎగరేసి. అక్కడున్న నలుగురూ పైన చావింటి ప్రార్థన జరుగుతోందని కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. మనుషులు అలా నవ్వు ఆపుకుంటుంటే ఆపగలిగేవాణ్ణి కాను నేను. మేజోళ్ళతో మెట్లెక్కడం చేశాను. గోంగూర తినడం చేశాను. పరీక్షలో భుజం చూసి బటన్ నొక్కడం కూడా చేశాను. పేరు చెప్పలేదు, కానీ చేశాను. "ఇక చాల్లేరా, చంపేస్తున్నావ్" అని సువార్త ఆంటీ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, "పైన ఏదో కూత వినపడతందేంట్రా? కెటిలా?" అంది.

స్టవ్ మీద కెటిల్ లేదు.

మెట్లన్నీ రెండేసి దాటుకుంటూ పరుగెత్తాను. ఆర్గన్‌లో బిగుసుకుపోయిన గొట్టం ఎప్పటి నుంచి పలుకుతోందో తెలియదు. అన్నిటికన్నా సన్నటి వరసలోది, పంటి నరం పట్టి లాగే శబ్దం. ప్రసంగం ఎప్పుడో అయిపోయింది. పాస్టరు అందరినీ మౌన ప్రార్థన చేయమన్నారు. ఆ మౌనం నిండా ఆ ఒక్క కూత. మార్గరెట్ గారు ముందు వరసలో, శవపెట్టెకి చెయ్యి ఆనించి నిలబడి ఉన్నారు. జనం ఒకరి తర్వాత ఒకరు వెనక్కి తిరిగి బాల్కనీ వైపు చూస్తున్నారు. క్రేమర్ గారు చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, ప్రశాంతంగా కూర్చుని ఉన్నారు. అంత ప్రశాంతమైన మొహం నేను మళ్ళీ చూడలేదు. నేను బాల్కనీ తలుపు దగ్గరికి చేరేసరికి ఆయన కళ్ళు తెరిచి అద్దంలో చూశారు. అన్ని మొహాలూ తన వైపే. బెంచీ చివర నా చోటు ఖాళీ. తన కోసమే ఆగారనుకున్నారు పాపం. చేతులెత్తి, మౌనం మధ్యలో, ఆ కూత పైనే, చివరి పాట వాయించడం మొదలుపెట్టారు. చాలా బాగా వాయించారు. నేను ఆయన మోకాలు తట్టేదాకా.

మార్గరెట్ గారు కేకలేయలేదు. వారం తర్వాత కేకు పట్టుకుని ఆయన గదికి వచ్చి, చేతులు పట్టుకుని, ఎంతకాలం విశ్రాంతి లేకుండా పనిచేశారో అన్నారు. వసంతం వచ్చేదాకా గదులు ఉంచుకోమన్నారు. ఆమె వెళ్ళాక ఆయన నన్ను ఒకే ప్రశ్న అడిగారు.

"ఎక్కడున్నావు?"

"కుర్చీలు వేస్తున్నానండీ. కుర్చీలు తక్కువయ్యాయి."

నేనెలా అరిచి చెప్పానంటే, ఆ గోడలకి కూడా అది నిజమనిపించి ఉంటుంది. ఆయన నమ్మారు. "కుర్చీలు ముఖ్యమే" అన్నారు. సంచీలోంచి పల్చటి చెప్పులు తీసి చూసి మళ్ళీ సంచీలో పెట్టారు.

ఆ తర్వాత ఇంకో ఆర్గన్ మనిషి దొరకలేదు, ఒక కీబోర్డు వచ్చింది. ఆ చర్చి ఇప్పుడు లేదు, ఆ చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. ఆర్గన్ గొట్టాలు ఎవరో తూకానికి కొనుక్కుపోయారని విన్నాను. మన తెలుగు సంఘం ఒక స్కూలు జిమ్‌లోకి మారింది, డ్రమ్ముల ప్యాడ్లు, స్క్రీన్ మీద పాటలు, అంతా బాగానే ఉంది. మా తాతయ్య పాట అక్కడ పిల్లలు ఫోన్లో చూసి నేర్చుకుని పాడుతున్నారు. మూడో వరసలో ఆ స్వరం ఉంది. ఏ ఎలకా దాన్ని ముట్టలేదు. నేనొక్కణ్ణే అక్కడ నోరు మూస్తాను, పక్కన మా అమ్మాయి మోచేత్తో పొడుస్తుంది, "డాడ్, యూ మిస్డ్ ఇట్" అని. ఆ రోజుల్లో ఒక చెవిటి ముసలాయన్ని దాచిపెట్టడానికి మాప్, మోకాలు, ఒక అబద్ధం చాలాయి. ఇప్పుడు అలా ఎవరినీ దాచలేం, కుర్చీలన్నీ గోడ వైపు తిప్పేశారు. అది మంచిదే. నాకు మాత్రం మోకాలు తట్టడానికి ఎవరూ లేరు, చెవిలో మిషను ఉంది. మిషను ఎక్కడికీ దిగిపోదు, జోకులు వేయదు. ఇది లాభమో నష్టమో లెక్క తేలదు.

క్రేమర్ గారు చివరికి మా అమ్మ పనిచేసే హోమ్‌కే వచ్చారు. అప్పటికి చెవులు పూర్తిగా పోయాయి. నేను ప్రతి గురువారం వెళ్ళేవాణ్ణి. కిటికీ పక్క బల్ల మీద గీతల నోట్‌బుక్ ఒకటి ఉండేది. చెప్పాల్సింది నేను అందులో రాస్తే, ఆయనా నోటితో చెప్పకుండా రాసే జవాబిచ్చేవారు. తన గొంతు తనకే వినపడని మనిషికి మాట్లాడ్డం సిగ్గుగా ఉంటుందట. నా ఇంగ్లీషు స్పెల్లింగులు ఎర్ర పెన్నుతో దిద్దేవారు. దిద్దనివ్వడానికే కొన్ని కావాలని తప్పు రాసేవాణ్ణి. కొన్నే. ఆయన వేళ్ళు దుప్పటి మీద ఎప్పుడూ కదులుతూ ఉండేవి. ఎదురుగా వెళ్ళి నిలబడితే ఆపేసేవారు.

ఆయన హోమ్‌కి వచ్చిన నాలుగో చలికాలంలో డాక్టరు ఇక ఎన్నో వారాలు లేవని చెప్పాడు. అమ్మ నాకు చెప్పింది. ఆ గురువారం బయట మంచు కురుస్తోంది, ఆయన దిండ్లకి ఆనుకుని మేలుకునే ఉన్నారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కుని నోట్‌బుక్ తీసుకుని రాశాను. ఆ రోజు కుర్చీలు వేయడం రెండు నిమిషాల్లో అయిపోయింది. మిగతాసేపు వంటగదిలో మిమ్మల్ని అనుకరించి ఆడవాళ్ళని నవ్విస్తున్నాను. పరీక్ష సంగతి కూడా చేసి చూపించాను. ఈసారి స్పెల్లింగులు జాగ్రత్తగా రాశాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. రెండోసారి చదివారు. ఎర్ర పెన్ను తీసుకుంటే ఏదో దిద్దుతారనుకున్నాను. దిద్దలేదు. కింద రాశారు.

"వాళ్ళు నవ్వారా?"

అవునని రాశాను. చాలాసేపు నవ్వారని కూడా రాశాను, ఎందుకో.

ఆయన పెన్ను పట్టుకుని ఆలోచించారు. అక్షరాలు కిందకి జారిపోతూ, వంకరగా, ఇలా రాశారు.

"అయితే ఆ రోజు నీకూ వినపడలేదు."

నేను ఆయన మొహం చూశాను. కోపమో, ఊరడింపో, కనీసం అలసటో, ఏదో ఒకటి కనపడుతుందని వెతికాను. ఆయన మాత్రం పెన్ను నా వైపు చాచి, జవాబు కోసం చూస్తున్నారు. పేజీలో సగం ఖాళీ ఉంది. పెన్ను తీసుకున్నాను.

అప్పుడే అమ్మ టీ ట్రే పట్టుకుని వచ్చింది. మా ఇద్దరి మొహాలూ చూసింది. "ఏంట్రా, ఏం రాశారు మాస్టారు?" అంది. అమ్మకి ఆయన చేతిరాత చదవడం రాదు.

"ఏదో జోకేశారమ్మా" అన్నాను.

అమ్మ నవ్వింది. ఆమె నవ్వడం చూసి, ఏమన్నానో వినపడని క్రేమర్ గారు కూడా నవ్వారు.